మొదటి కంప్యూటర్ బిగించుకునేవాళ్ళు ఎవరిని ఏం అడగాలి

“అరవై వేలలో మంచి పీసీ చెప్పండి మేడం” అంటే నా దగ్గర జవాబు ఉండదు. హనుమకొండలో ఒక పాలిటెక్నిక్ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. కాలిపోయిన ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) మార్చడం, ర్యామ్ తీసి తుడిచి మళ్ళీ పెట్టడం నాకు రోజూ ఉండే పని. అందుకే సెలవులు రాగానే పిల్లలు, వాళ్ళ అన్నలు, అప్పుడప్పుడు వాళ్ళ నాన్నలు కూడా ఈ ప్రశ్న పట్టుకుని వస్తారు. ప్రశ్న ఇంత పొట్టిగా ఉంటే ఎవరైనా తమకు నచ్చిన లిస్టే చెబుతారు. గేములు ఆడే సీనియర్ సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టమంటాడు. షాపతను అరలో మిగిలిపోయిన మదర్‌బోర్డు (భాగాలన్నీ కూర్చునే పలక) చూపిస్తాడు. వాళ్ళని తప్పుపట్టలేం. మీకేం కావాలో మీరు చెప్పలేదు కదా.

కాబట్టి ముందు ఒక కాగితం తీసుకోండి. మా అక్క కొడుకు బీటెక్ రెండో సంవత్సరం. వాడూ “పిన్నీ, మంచి ప్రాసెసర్ ఏది?” అనే మొదలుపెట్టాడు. కూర్చోబెట్టి రాయిస్తే చివరికి ఇలా తేలింది:

“మొత్తం 65 వేలు. మానిటర్, యూపీఎస్ ఇందులోనే రావాలి. కీబోర్డు, మౌస్ ఉన్నాయి. రోజూ కోడింగ్, ఆండ్రాయిడ్ స్టూడియో, బ్రౌజర్‌లో బోలెడు ట్యాబులు. రాత్రిపూట వాలరెంట్ గేమ్, 1080పీ చాలు. గ్రాఫిక్స్ కార్డు వచ్చే ఏడాది కొంటాను, ఇప్పుడు వద్దు. రౌటర్ కింద హాల్లో, నా గది మేడ మీద. గదిలో ఏసీ లేదు. సికింద్రాబాద్ వెళ్ళి కొనుక్కోగలను. నెలాఖరులోపు కావాలి.”

ఈ నాలుగు ముక్కలు రాస్తే సగం సలహా దానంతటదే వచ్చేస్తుంది. మానిటర్, యూపీఎస్ కలిపి పదిహేను వేల దాకా తినేస్తాయి కాబట్టి అసలు పెట్టెకి మిగిలేది 50 వేలే. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (కంప్యూటర్ లోపలే నడిచే నకలు ఫోన్) తెరిస్తే 8 జీబీ ర్యామ్ చాలదు, 16 ఉండాల్సిందే. గ్రాఫిక్స్ కార్డు తర్వాత అంటే ఇప్పుడు కొనే ప్రాసెసర్‌లోనే బొమ్మ చూపించే భాగం ఉండాలి. ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్’ ఉన్నవాటిలో అది ఉండదు. ఏఎండీలో రైజెన్ 5 5600జీకి ఉంది, 5600కి లేదు, 7600కి చిన్నది ఉంది, 7500ఎఫ్‌కి లేదు. ఒక్క అక్షరం చూసుకోక ‘ఎఫ్’ కొని, అన్నీ బిగించాక స్క్రీన్ నల్లగా ఉందని వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను. మేడ మీది గదికి కేబుల్ లాగలేరు కాబట్టి వైఫై ఉన్న బోర్డు కావాలి, లేదా వేరే వైఫై కార్డు. ఏసీ లేదంటే ముందు భాగం చిల్లుల జాలీగా ఉండే క్యాబినెట్ తప్పనిసరి. ముందు గాజు పలక, దాని వెనక రంగురంగుల లైట్ల ఫ్యాన్లు ఉన్న క్యాబినెట్లు ఫొటోలో బాగుంటాయి. మే నెలలో మన ఊళ్ళో అలాంటి పెట్టె లోపల గాలి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పండి!

ఎవరిని ఏది అడగాలి

అన్నీ తెలిసిన ఒక్క మనిషి కోసం వెతక్కండి. ఎవరికి తెలిసింది వాళ్ళని అడగండి.

నేనైతే మొదట ఎలక్ట్రీషియన్‌ని పిలవమంటాను. నవ్వొస్తుంది గానీ, ప్రాసెసర్ కంటే ముందు తేల్చుకోవాల్సింది మీ గదిలోని ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందా లేదా అన్నది. పాత ఇళ్ళలో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. అలాంటి చోట కంప్యూటర్ పెడితే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడల్లా చిమచిమలాడుతుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిగా కరెంటు బాడీలోకి వస్తుంది, అది భూమిలోకి పోవడానికే ఎర్త్ వైరు. అది లేకపోతే మీ వేలే దానికి దారి. మల్టీమీటర్ పెట్టి ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య, ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య దాదాపు ఒకే వోల్టేజీ వస్తోందా, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉందా అని అతన్నే చూడమనండి. ఈ పని మీరే చేయొద్దు.

కరెంటు సంగతి వచ్చింది కాబట్టి యూపీఎస్ గురించీ చెప్పేస్తాను. మామూలు 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దాకా ఇస్తుంది. డబ్బా మీద పెద్దగా రాసిన 600 వాట్లు కావు. గ్రాఫిక్స్ కార్డు లేని పీసీకి అది చాలు, చేస్తున్న పని సేవ్ చేసి ఆపేయడానికి కొన్ని నిమిషాలు దొరుకుతాయి. రేపు కార్డు కొనేవాళ్ళు వెయ్యి వీఏ పైన చూడండి. “ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, మళ్ళీ యూపీఎస్ ఎందుకు” అని పెద్దవాళ్ళు అంటారు. అది ప్యూర్ సైన్ వేవ్‌దైతే, యూపీఎస్ మోడ్ ఉంటే కొంత నయం. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మంచి ఎస్‌ఎంపీఎస్ నడపొద్దు.

ఏ ప్రాసెసర్ ఏ పనికి ఎంత వేగం అన్నది యూట్యూబ్ రివ్యూలలో చూడండి. అంకెలు పక్కపక్కన పెట్టి చూపిస్తారు, తెలుగులోనూ బాగా చెప్పేవాళ్ళున్నారు. అయితే వీడియో తేదీ చూడకుండా అందులోని లిస్టు రాసుకోవద్దు. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మెమరీ చిప్పులు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్ళాయి. మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మనలాంటి వాళ్ళకి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్ళు దాచుకునే డ్రైవ్) అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటామని 2025 డిసెంబరులో ప్రకటించేసింది. అంతకు ముందు చేసిన “50 వేల బెస్ట్ బిల్డ్” వీడియోలో భాగాలు సరిగ్గానే ఉంటాయి, మొత్తం మాత్రం ఇప్పుడు లెక్కకు రాదు.

ఏది దేనికి సరిపోతుందో పీసీపార్ట్‌పికర్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, ఇండియా అని ఎంచుకునే వీలుంది. ధరలకు దాన్ని నమ్ముకోకండి. భాగాలు కుదురుతాయా, క్యాబినెట్‌లో కార్డు పొడవు పడుతుందా అన్నంత వరకు పనికొస్తుంది. ఆ తర్వాత బోర్డు కంపెనీ సైటులో మీ మోడల్ పేజీ తెరిచి, ‘సీపీయూ సపోర్ట్’ పట్టికలో మీ ప్రాసెసర్ ఉందా, దానికి ఏ బయోస్ (ఆన్ చేయగానే బోర్డుని నడిపే ప్రోగ్రాం) వెర్షన్ కావాలి అని చూడండి. బీ650 బోర్డు మీద రైజెన్ 9000 వరసది పెట్టాలంటే కొత్త బయోస్ ఉండాలి, షాపులో ఉన్న డబ్బా పాతదై ఉండొచ్చు. ఇది షాపతనికి గుర్తుండదు, మీరే అడగాలి.

ఇక సీనియర్లు, స్నేహితులు. గత ఏడాదిలోపు స్వయంగా ఒకటి బిగించినవాళ్ళని పట్టుకోండి. వాళ్ళకి మోడళ్ళు ఎంత తెలుసన్నది అలా ఉంచండి. బిగించేటప్పుడు ఎక్కడ చెయ్యి ఆగిపోయిందో వాళ్ళకింకా గుర్తుంటుంది, మీకు కావాల్సింది అది.

మంచి సలహా ఎలా ఉంటుందంటే, ముందు మిమ్మల్నే నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. ఫలానాది కొనమన్నప్పుడు దానికోసం దేన్ని తగ్గించుకోవాలో కూడా చెబుతుంది. ఏమీ అడగకుండా “ఐ7 తీసుకో, తిరుగులేదు” అనేవాళ్ళకి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆన్‌లైన్‌లో “ఐ7, 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ, పద్నాలుగు వేలే” అని కనిపించేవి చాలావరకు మూడో నాలుగో తరం ఐ7లు, అంటే 2012, 2013 నాటివి. ఆఫీసుల్లోంచి తీసేసిన ప్రాసెసర్‌ని పేరులేని కొత్త బోర్డు మీద పెట్టి అమ్ముతారు. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది.

మార్చుకోలేనివి ముందు

మా అక్క కొడుకు లిస్టుకి రెండు దారులు కనిపించాయి. ఒకటి ఏఎండీ వాళ్ళ ఏఎం4 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు): 5600జీ, బీ550 బోర్డు, డీడీఆర్4 రకం ర్యామ్. రెండోది ఏఎం5: 2022లో వచ్చిన సాకెట్, డీడీఆర్5 మాత్రమే పడుతుంది, ముందు ముందు ప్రాసెసర్ మార్చుకునే దారి ఉంటుంది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 బోర్డులు రెండు రకాల ర్యామ్‌తోనూ వస్తాయి. అయితే ఒక బోర్డు ఒక రకమే తీసుకుంటుంది, కాబట్టి పేరు చివర డీ4 ఉందా అని చూసుకోవాలి. డబ్బు పట్టగలిగితే నేను ఏఎం5 అంటాను. ర్యామ్ ధర చూసి గుండె ఆగితే ఏఎం4 కూడా తప్పేం కాదు. ఒక్క తిరకాసు ఉంది. 5600జీ పీసీఐఈ (ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య దారి) మూడో తరం వేగమే ఇస్తుంది. ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డులు ఎనిమిది లేన్ల మీదే నడుస్తాయి కాబట్టి, వచ్చే ఏడాది అలాంటిది పెట్టినప్పుడు కొన్ని గేముల్లో కాస్త వేగం తగ్గుతుంది. వాడికి ఇది చెప్పాక రెండు రోజులు ఆలోచించి ఏఎం5 వైపు వెళ్ళాడు. ఎస్‌ఎస్‌డీని ఒక టీబీ నుంచి 500 జీబీకి తగ్గించాడు, రెండోది తర్వాత పెట్టుకునే చోటు బోర్డులో ఉంది కాబట్టి. అదీ లెక్క. తర్వాత సులువుగా కలుపుకోగలిగేదాన్ని తగ్గించుకోండి, మార్చాలంటే అంతా విప్పాల్సి వచ్చేదాన్ని తగ్గించకండి.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం నేను బేరం ఒప్పుకోను. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ‘450 వాట్స్’ డబ్బా వద్దు. 80 ప్లస్ గుర్తు చూడండి గానీ, అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తు. లోపలి సరుకు నాణ్యతకు హామీ కాదు. పేరున్న కంపెనీది, ఐదేళ్ళ వారంటీ ఉన్నది, 550 వాట్లు, వచ్చే ఏడాది కార్డుకి పీసీఐఈ ఎనిమిది పిన్నుల వైరు ఉన్నది. ల్యాబులో నేను పారేసిన బోర్డుల్లో ఎన్నో, వాటి తప్పు లేకుండా, చవక ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ వెంట తీసుకుపోయినవే.

కొనేటప్పుడు

వరంగల్ షాపుల్లోనూ దొరుకుతాయి, కానీ మోడల్ ఎంచుకునే వీలు తక్కువ. కాజీపేటలో పొద్దున రైలెక్కితే షాపులు తెరిచే వేళకి సికింద్రాబాద్‌లో ఉంటాం. పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు, అక్కడికి స్టేషన్ నుంచి ఆటోలో దగ్గరే. మెట్రోలో వచ్చేవాళ్ళకి ప్యారడైజ్ స్టేషన్. బెంగళూరులో ఉన్నవాళ్ళకి ఎస్పీ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్ ఇలాంటివే. ఆదివారం వెళ్ళేట్టయితే ముందు ఫోన్ చేయండి.

ఒకే లిస్టు రెండు మూడు షాపుల్లో ఇవ్వండి, అన్నిటికీ బిల్లుతో కలిపిన ధరే అడగండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటారు. 18 శాతం జీఎస్టీ తగ్గిందని సంబరపడితే రేపు వారంటీ అడిగే హక్కు కూడా దాంతోపాటే పోతుంది. బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు రాయించుకోండి. “పాడైతే మీ దగ్గరికి తేవాలా, సర్వీస్ సెంటర్‌కి నేను వెళ్ళాలా? ఆ సెంటర్ ఎక్కడ?” అని అడగండి. హనుమకొండ నుంచి ప్రతిసారీ వెళ్ళలేం కదా. ఇంకో మాట, బోర్డు డబ్బా కౌంటర్ దగ్గరే తెరిపించండి. ఏఎం5కి, ఇంటెల్‌కి సన్నటి పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. ఒక్కటి వంగి ఉన్నా తర్వాత అది మీరు వంచిందే అవుతుంది. ఫోన్‌తో ఫొటో తీసుకుని అప్పుడు డబ్బు కట్టండి.

అమెరికా నుంచి బావ తెస్తాడంటారు చాలామంది. తేవచ్చు, ధర కలిసొస్తే మంచిదే. వారంటీ ఇక్కడ చెల్లుతుందా అని ఆ కంపెనీ సైటులో చదివి తెప్పించండి. గ్రాఫిక్స్ కార్డుల దగ్గర చాలా కంపెనీలు కొన్న దేశంలోనే చూస్తామంటాయి.

బిగించేటప్పుడు

షాపులోనే బిగించి ఇస్తామంటారు. అక్కడే పక్కన నిలబడి చూడటమూ ఒక పాఠమే. మీరే చేయాలనుకుంటే ఒక మధ్యాహ్నం అంతా దానికే పెట్టుకోండి. మంచం మీద వద్దు, బల్ల మీద చేయండి. నూలు బట్టలు వేసుకోండి. ఉంగరం, గాజులు తీసి పక్కన పెట్టండి. మధ్యమధ్యలో క్యాబినెట్ ఇనుప భాగం ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ పోతుంది. బోర్డుతో వచ్చిన మాన్యువల్ తెరిచి పెట్టుకోండి. ఈ రోజుకి మీ గురువు అదే. పక్కన ఒక మనిషి ఉంటే ఇంకా మంచిది, ఆ మనిషికి కంప్యూటర్లు రానక్కర్లేదు. మా వాడికి వాళ్ళమ్మ కూర్చుని మాన్యువల్ బొమ్మ చూసి “ఇది రెండో గూడు కదరా, నువ్వు మొదటిదాంట్లో పెడుతున్నావ్” అని పట్టుకుంది.

బోర్డుని దాని అట్టపెట్టె మీద పెట్టి ముందు ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, కూలర్ బిగించండి. ప్రాసెసర్ మూల మీది చిన్న త్రిభుజం, సాకెట్ మీది త్రిభుజం ఒకే వైపు రావాలి. అది దానంతటదే కూర్చోవాలి, నొక్కకూడదు. తర్వాత లీవర్ వేసేటప్పుడు మాత్రం కాస్త బలం పడుతుంది, నల్ల ప్లాస్టిక్ మూత టక్కున ఎగిరి వస్తుంది, భయపడకండి. ఆ మూత దాచండి, వారంటీకి బోర్డు పంపేటప్పుడు కావాలి. నాలుగు గూళ్ళున్న బోర్డులో ర్యామ్ రెండు కర్రలైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో గూళ్ళలో పెట్టాలి. ఒకటే అయితే రెండోదాంట్లో. క్లిక్ మనేదాకా నొక్కండి, ఇక్కడ మొహమాటం వద్దు. కూలర్ అడుగున పేస్ట్ ముందే రాసి ఉంటే మళ్ళీ రాయనక్కర్లేదు, లేకపోతే బఠానీ గింజంత చాలు. కొన్ని కూలర్ల అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, అది తీయాలి. కూలర్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటే.

క్యాబినెట్‌లో పెట్టకముందే ఇలా బయటే ఒకసారి ఆన్ చేసి చూడమంటాను. ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 పిన్నుల పెద్ద వైరు, ప్రాసెసర్ పక్కన ఎనిమిది పిన్నుల సీపీయూ వైరు పెట్టండి. సీపీయూ వైరు, గ్రాఫిక్స్ కార్డు వైరు చూడటానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. వైరు మీద రాసింది చదివి పెట్టండి, పట్టనిదాన్ని బలవంతంగా తోయకండి. పవర్ బటన్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకిస్తే ఆన్ అవుతుంది. ఏవి ఆ పిన్నులో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది.

ఏఎం5, డీడీఆర్5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని పరీక్షించుకుంటూ స్క్రీన్ నల్లగా కొన్ని నిమిషాలు ఉండిపోతుంది. సగంమందికి టెన్షన్ వచ్చి ఇక్కడే ఆఫ్ చేస్తారు. టీ పెట్టుకుని రండి. బయోస్ స్క్రీన్ కనిపిస్తే ఇక ధైర్యమే. ఆపేసి, క్యాబినెట్‌లో ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తి పట్టుకునే చిన్న బుడిపెలు) బోర్డు రంధ్రాలకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయా, అదనంగా ఒకటి కింద మిగిలి షార్ట్ అయ్యేలా ఉందా చూసి బిగించండి. వెనక పోర్టుల చుట్టూ ఉండే రేకు విడిగా వచ్చినదైతే బోర్డు కంటే ముందే పెట్టాలి. ముందు వైపు బటన్ల సన్న వైర్లు విసుగు తెప్పిస్తాయి, ఫోన్ లైటు పట్టుకునేవాళ్ళు అప్పుడు పనికొస్తారు.

మళ్ళీ ఆన్ అయ్యాక బయోస్‌లో రెండు చూడండి. ర్యామ్‌కి ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగు ఆన్ చేయకపోతే మీరు డబ్బు పెట్టి కొన్న వేగం రాదు. విండోస్ 11కి టీపీఎం, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగులు ఆన్ అయి ఉండాలి, విండోస్ 11 మీద వాలరెంట్ కూడా ఈ రెండూ లేకపోతే తెరుచుకోదు. విండోస్ కోసం 8 జీబీ పెన్‌డ్రైవ్ ఇంకో కంప్యూటర్‌లో తయారు చేసుకోండి. బోర్డు వైఫై డ్రైవర్ కూడా అందులో వేసుకోండి. లేకపోతే విండోస్ పెట్టేటప్పుడు నెట్ అడుగుతుంది, నెట్‌కి డ్రైవర్ కావాలి, డ్రైవర్‌కి నెట్ కావాలి. అలాంటప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ పెడితే చాలాసార్లు గట్టెక్కుతారు.

ఆన్ కాకపోతే ఎలా అడగాలి

“మేడం, ఆన్ కావట్లేదు” అని రాత్రి పదింటికి మెసేజ్ వస్తుంది. దానికీ నా దగ్గర జవాబు ఉండదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయా? తిరిగి ఆగిపోతున్నాయా? బోర్డు అంచున సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు చాలా బోర్డుల మీద ఉంటాయి, ఏది వెలిగి నిలిచిపోయింది? హెచ్‌డీఎంఐ వైరు ఎక్కడ పెట్టారు? కార్డు ఉంటే కార్డుకే పెట్టాలి, బోర్డుకి కాదు. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆన్‌లో ఉందా? ఒక్క ర్యామ్ కర్రతో చూశారా? పవర్ తీసేసి, పక్క పలక తెరిచి, బోర్డు మొత్తం కనబడేలా పగటి వెలుగులో ఒక ఫొటో, వైర్ల దగ్గర ఇంకోటి తీసి, భాగాల మోడల్ పేర్లు పూర్తిగా రాసి, ఇప్పటిదాకా ఏమేం చేసి చూశారో వరసగా పెట్టండి. డీర్యామ్ లైటు దగ్గర ఆగితే పదింట ఏడెనిమిదిసార్లు ర్యామ్ పూర్తిగా లోపలికి వెళ్ళకపోవడమే. తీసి మళ్ళీ పెట్టండి, రెండు చివర్లా నొక్కి. అదీ కాకపోతే షాపుకి వెళ్ళేటప్పుడు బిల్లుతోపాటు ఆ మెసేజే చూపించండి.